ఇంట్లో చేరిన గబ్బిలాలను చంపకుండా, చట్టం మీరకుండా పంపించడం ఎలా? మెట్టు మెట్టుగా పూర్తి వివరం

ఎలుక గోడను కొరికి కన్నం చేసుకుంటుంది. గబ్బిలం ఆ పని చేయలేదు. గూడు కట్టదు, పుల్లలు పోగేయదు. మనం కట్టేటప్పుడో, ఇల్లు పాతబడేటప్పుడో ఏర్పడిన సందును చూసుకుని లోపలికి దూరుతుంది. రోజూ సాయంత్రం తనంతట తాను బయటికి వెళ్తుంది, తెల్లవారేలోపు అదే సందుగుండా తిరిగొస్తుంది. ఈ రెండు సంగతులు మనసులో ఉంచుకుంటే పని సగం తేలికవుతుంది. దాన్ని పట్టక్కర్లేదు, తరమక్కర్లేదు. వెళ్లేటప్పుడు వెళ్లనిచ్చి, వచ్చేటప్పుడు రాకుండా చేస్తే చాలు. మిగతాదంతా ఆ ఒక్క పనిని సరైన నెలలో, సరైన క్రమంలో చేయడమే.

క్రమం తప్పితే మాత్రం చాలా నష్టం జరుగుతుంది. పగటిపూట కన్నాలన్నీ మూసేస్తే గుంపు మొత్తం లోపలే చిక్కి చస్తుంది. వారాల తరబడి ఆ వాసన ఇంటిని వదలదు. దారి వెతుక్కునే కొన్ని పడకగదుల్లోకి దిగుతాయి. పిల్లలున్న కాలంలో తల్లులను బయటే ఆపేస్తే ఎగరలేని కూనలు లోపల ఆకలితో చచ్చిపోతాయి. ఇది క్రూరం, చాలా దేశాల్లో నేరం కూడా.

అత్యవసరం: గదిలోకి ఒక్కటే వచ్చి తిరుగుతుంటే

కిటికీలోంచి దారి తప్పి వచ్చిన ఒక్క గబ్బిలం వేరు, అటకలో కాపురముంటున్న గుంపు వేరు. మొదటిదానికి కన్నాలు వెతికే పని లేదు.

అన్నిటికంటే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. రెక్క తగిలి చనిపోయేవి ఎక్కువ. పిల్లలను, పెంపుడు జంతువులను పక్కగదిలోకి పంపి, ఇంటి లోపలి తలుపులు మూయండి. బయటివైపు కిటికీలు, తలుపులు పూర్తిగా తెరవండి, కర్టెన్లు పక్కకు లాగండి. గదిలో దీపాలు ఆర్పి, గోడ పక్కన కదలకుండా నిలబడండి. గది మధ్యలో ఎగిరేటప్పుడు గబ్బిలం కిందికి వంగి, గోడల దగ్గర మళ్లీ పైకి లేస్తుంది. అందుకే మీ మీద పడబోతున్నట్టు అనిపిస్తుంది. అది వేగం నిలుపుకునే పద్ధతే తప్ప దాడి కాదు. సాధారణంగా పది, పదిహేను నిమిషాల్లో బయటి గాలి జాడ పట్టుకుని వెళ్లిపోతుంది. తువ్వాలు విసరడం, చీపురుతో కొట్టడం చేస్తే రెక్క ఎముక విరుగుతుంది. ఆ ఎముకలు అగ్గిపుల్ల కంటే సన్నం.

అలసి గోడకో కర్టెనుకో వాలిందనుకోండి. దళసరి తోలు గ్లౌజులు వేసుకుని, ఒక డబ్బానో చిన్న అట్టపెట్టెనో దాని మీద మెల్లగా బోర్లించండి. గోడకు, డబ్బాకు మధ్య గట్టి అట్టను జార్చి మూతలా పట్టుకోండి. బయటికి తీసుకెళ్లి చెట్టు బోదె మీదో గరుకు గోడ మీదో, మీ తల ఎత్తున, డబ్బాను పక్కకు వంచి వదలండి. నేల మీద పెట్టకండి. చాలా గబ్బిలాలు నేల నుంచి ఎగరలేవు, కొంత ఎత్తు నుంచి జారితేనే రెక్కలు పట్టు తీసుకుంటాయి. పగలు దొరికితే సాయంత్రం దాకా డబ్బాలో గుడ్డ ముక్క వేసి, గాలి ఆడేలా సన్నని రంధ్రాలు పెట్టి, చీకటి చోట ఉంచండి. చీకటి పడ్డాక వదలండి.

వదిలే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఎవరినైనా కరిచిందా, గీరిందా, లేదా ఎవరైనా నిద్రపోతున్న గదిలో అది కనిపించిందా? జవాబు అవును అయినా, కచ్చితంగా తెలియకపోయినా దాన్ని వదలకూడదు. గబ్బిలపు పళ్లు ఎంత సన్నమంటే నిద్రలో ఉన్నవారికి కాటు తెలియకపోవచ్చు, గుర్తు కూడా కనిపించకపోవచ్చు. మాటలు రాని పసిపిల్లలు, మత్తులో ఉన్నవారు, మతిస్థిమితం లేనివారు ఒంటరిగా ఉన్న గదిలో దొరికినా ఇదే నియమం. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. గబ్బిలాన్ని మూత ఉన్న డబ్బాలో భద్రపరచి ఆరోగ్య శాఖకు ఫోన్ చేయాలి. రేబిస్ పరీక్ష మెదడు కణజాలం మీద చేస్తారు కాబట్టి తల నలగకూడదు. గబ్బిలాల్లో ఎక్కువ శాతానికి రేబిస్ ఉండదు. కానీ చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. లక్షణాలు మొదలయ్యాక ఆ జబ్బుకు దాదాపు మందు లేదు. సకాలంలో టీకా పడితే మాత్రం దాదాపు పూర్తిగా అడ్డుకోవచ్చు.

ఇక్కడి నుంచి గుంపు సంగతి.

మొదటి మెట్టు: ఉన్నవి గబ్బిలాలేనా?

రెట్ట చూస్తే తేలిపోతుంది. ఎలుక పెంటికలాగే బియ్యపు గింజంత ఉంటుంది, కానీ ఎలుక పెంటిక ఎండితే గట్టిపడుతుంది. పురుగులు తినే గబ్బిలం రెట్టను కాగితం మడతలో పెట్టి నలిపితే పొడి పొడి అయిపోయి, అందులో పురుగుల రెక్కలు, పెంకుల ముక్కలు మెరుస్తాయి. గ్లౌజులు, మాస్కు లేకుండా ఈ పరీక్ష చేయకండి. రెట్ట ఒకేచోట, కన్నం కిందో దూలం కిందో కుప్పగా పడుతుంది. ఎలుకదైతే నడిచిన దారి పొడవునా చెల్లాచెదురుగా ఉంటుంది.

రెండో గుర్తు, కన్నం అంచున గోధుమరంగు జిడ్డు మరక. రోజూ ఒళ్లు రాసుకుంటూ దూరడం వల్ల అది పడుతుంది. మూడోది ఘాటైన మూత్రపు వాసన, సాయంత్రం వేళ గోడ లోపల్నుంచి కీచుకీచుమనే సన్నని రొద.

పండ్లు తినే పెద్ద గబ్బిలాలు సాధారణంగా చెట్ల మీద ఉంటాయి. ఇళ్లలో చేరేవి ఎక్కువగా పురుగులు తినే చిన్నవి. ఈ మార్గదర్శి వాటికోసమే.

రెండో మెట్టు: చట్టం, నెల

సామాను కొనే ముందు ఈ రెండూ తేల్చుకోవాలి. ఏ దేశంలో ఉన్నా చంపడం, విషం పెట్టడం మీ ఆలోచనలోకి రాకూడదు. అంతకుమించి ఏం చేయవచ్చో, ఎప్పుడు చేయవచ్చో అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంత చట్టం కింద అన్ని జాతుల గబ్బిలాలకూ రక్షణ ఉంది. గబ్బిలాలే కాదు, అవి ఉండే చోటు కూడా ఆ రక్షణలోకి వస్తుంది. ఆ సమయంలో లోపల ఒక్కటీ లేకపోయినా సరే ఆ చోటును పాడుచేయకూడదు, దారి మూయకూడదు. కాబట్టి కింద చెప్పిన పద్ధతిని అక్కడ సొంతంగా చేయడం నేరం. ముందుగా అధికారిక సలహా, అవసరమైతే లైసెన్సు తీసుకోవాలి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 1992 నాటి ఆవాసాల ఆదేశం పురుగులు తినే గబ్బిలాలన్నిటినీ కఠిన రక్షణ జాబితాలో పెట్టింది. అమెరికాలో ఇండియానా గబ్బిలం, బూడిదరంగు గబ్బిలం లాంటి అంతరించిపోయే జాతులకు 1973 నాటి ఫెడరల్ చట్టం వర్తిస్తుంది, మిగిలినవాటికి రాష్ట్రాల నిబంధనలు వేరువేరు. చాలా రాష్ట్రాలు కూనల కాలంలో వెళ్లగొట్టడాన్ని నిషేధిస్తాయి. భారత్‌లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్లు తినే గబ్బిలాలను చాలా ఏళ్లు హానికర జంతువుల జాబితాలో ఉంచింది. 2022 సవరణ ఆ జాబితానే ఎత్తేసింది. పాత మాట పట్టుకుని ‘వీటిని చంపినా పర్వాలేదు’ అనుకునేవారు ఈ మార్పు గమనించాలి. మీ ప్రాంతపు అటవీ లేదా వన్యప్రాణి శాఖకు ఒక ఫోన్ చేసి, వాళ్లు చెప్పింది రాసిపెట్టుకోండి.

ఇంత రక్షణ దేనికంటే, గబ్బిలాలు తగ్గితే మళ్లీ పెరగడం చాలా నెమ్మది. ఇళ్లలో ఉండే జాతుల్లో చాలావాటికి ఏడాదికి ఒక్క పిల్లే పుడుతుంది. ఎలుకంత లేని ప్రాణి అయినా ఇరవై ఏళ్లకు పైగా బతికే జాతులున్నాయి. పైగా 2006లో న్యూయార్క్ రాష్ట్రపు ఒక గుహలో మొదట కనిపించిన తెల్లముక్కు జబ్బు ఉత్తర అమెరికాలో లక్షల గబ్బిలాలను చంపింది. ఒక అటకలో ఉండే తల్లుల గుంపు చుట్టుపక్కల ఆ జాతికి మిగిలిన ఏకైక సంతాన కేంద్రం కావచ్చు.

ఇక నెల. ఉత్తరార్ధగోళపు సమశీతోష్ణ ప్రాంతాల్లో మే నుంచి ఆగస్టు మధ్య దాకా కూనల కాలం. అక్టోబరు చివర నుంచి మార్చి, ఏప్రిల్ దాకా శీతాకాలపు సుప్తావస్థ, అంటే చలికాలమంతా కదలకుండా పడుకునే దీర్ఘ నిద్ర. ఈ రెండు కాలాల్లోనూ పని మొదలుపెట్టకూడదు. సుప్తావస్థలో ఉన్న గబ్బిలం ఒక్కసారి లేస్తేనే దాచుకున్న కొవ్వు బోలెడు ఖర్చవుతుంది, వసంతం దాకా మిగలదు. కాబట్టి ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు, అక్టోబరు మొదట్లోపు చేయడం మంచిది. వసంతంలో కూనలు పుట్టక ముందు కొద్ది వారాల వ్యవధి కూడా దొరుకుతుంది. దక్షిణార్ధగోళంలో ఈ లెక్క దాదాపు ఆరు నెలలు జరుగుతుంది.

ఉష్ణమండలంలో క్యాలెండర్‌ను నమ్మకండి. అక్కడ కాన్పులు వానలను, పురుగుల రాకను అనుసరిస్తాయి. కొన్ని జాతులు ఏడాదికి రెండుసార్లు కూడా పిల్లల్ని కంటాయి. అక్కడ కళ్లతో చూసి తేల్చుకోవాలి. పెద్దవన్నీ బయటికి వెళ్లిన గంట తర్వాత ఎర్రకాగితం కట్టిన టార్చితో ఒక్క నిమిషం లోపలికి చూడండి. బొచ్చులేని గులాబీరంగు కూనలో, ఎగరలేక దూలానికి అంటుకున్న బూడిదరంగు పిల్లలో కనిపిస్తే ఆపేయండి. చిన్న జాతుల కూనలు మూడు నుంచి ఆరు వారాల్లో ఎగురుతాయి. చివరి కూన ఎగిరిందని తేలేదాకా, అంటే సుమారు ఎనిమిది వారాలు, ఆగి మళ్లీ చూడండి.

ఆగిన రోజులు వృథా కావు. ఇంటి లోపలివైపు సందులు మూయడం ఏ కాలంలోనైనా చేయదగ్గ పని.

మూడో మెట్టు: కన్నాలు పట్టుకోవడం

పని చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఒక్క కన్నం తప్పిపోయినా మిగతా శ్రమ వృథా.

పగలు ఇంటి చుట్టూ రెండుసార్లు తిరగండి. చూరు గోడను తాకే చోటు, కప్పు శిఖరం, చిమ్నీ అంచు, వెంటిలేటర్ల జాలీలు, పైపులు, వైర్లు గోడలోకి దూరే చోట్లు, పెంకుల కింది ఖాళీలు, రోలింగ్ షట్టర్ పెట్టెలు, గోడకు పలకలు బిగించిన చోట విడిన అతుకులు, అన్నీ చూడండి. చిన్న గబ్బిలానికి మీ బొటనవేలు దూరేంత సందు ఎక్కువే. 6 మిల్లీమీటర్లు దాటిన ప్రతి చీలికనూ అనుమానించండి. మరో పద్ధతి ఏమిటంటే, మధ్యాహ్నం అటకలోకి వెళ్లి దీపం ఆర్పి పది నిమిషాలు ఆగండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక వెలుగు చారలు ఎక్కడెక్కడ కనిపిస్తాయో సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

తర్వాత సాయంత్రపు కాపలా. ఇంటికి నాలుగు పక్కలా నలుగురు నిలబడితే మంచిది, కనీసం ఇద్దరు ఎదురెదురు మూలల్లో ఉంటే ఒక్కొక్కరికి రెండు గోడలు కనిపిస్తాయి. సూర్యాస్తమయానికి అరగంట ముందు కూర్చుని, చీకటిపడ్డాక గంట దాకా కదలకండి. ఇంటి వైపు కాకుండా ఆకాశం వైపు చూస్తే నల్లని ఆకారాలు తేలిగ్గా కనబడతాయి. ఏ కన్నంలోంచి ఎన్ని వచ్చాయో కాగితం మీద గీతలు పెట్టండి. ఆ లెక్క తర్వాత అవసరమవుతుంది. గాలివాన లేని, రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉన్న రెండు రాత్రులు ఇలా చూడాలి.

ఇంకా అనుమానం ఉంటే తెల్లవారుజామున, సూర్యోదయానికి అరగంట ముందు చూడండి. సాయంత్రం బాణంలా దూసుకుపోయేవి, తిరిగొచ్చేటప్పుడు కన్నం ముందు చాలాసేపు గిరికీలు కొడతాయి. కన్నం అప్పుడే స్పష్టంగా దొరుకుతుంది.

నాలుగో మెట్టు: ముందే కొత్త ఇల్లు

తప్పనిసరి కాదు కానీ, గుంపు పెద్దదైతే వదలకండి. ఇల్లు పోగొట్టుకున్న గబ్బిలాలు ఎక్కడో ఒకచోట చేరాలి కదా, చాలాసార్లు అది పక్కింటి అటకే అవుతుంది.

గబ్బిలాల పెట్టె కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. లోపలి పలకల మధ్య ఖాళీ 19 నుంచి 25 మిల్లీమీటర్లే. అంతకన్నా వదులుగా ఉంటే వాటికి భద్రంగా అనిపించదు, కందిరీగలు గూడు పెడతాయి. పలకల లోపలి ముఖం గరుకుగా ఉండాలి, లేకుంటే సెంటీమీటరుకొక అడ్డగీత చెక్కాలి. ఒకవేళ జాలీ కొడితే పూర్తిగా బిగించి కొట్టండి, ఊడిన జాలీలో రెక్కలు ఇరుక్కుంటాయి. అడుగు తెరిచే ఉంటుంది, వెనక పలక 7 నుంచి 15 సెంటీమీటర్లు కిందికి దిగి వాలడానికి చోటివ్వాలి. రసాయనాలు పట్టించని చెక్కే వాడండి. 4 నుంచి 6 మీటర్ల ఎత్తున గోడకో స్తంభానికో బిగించండి. చెట్టుకు వద్దు, నీడ ఎక్కువ, పాములు, పిల్లులు ఎక్కే వీలుంటుంది. చల్లని ప్రాంతమైతే ముదురు రంగు వేసి, రోజుకు ఆరేడు గంటలు ఎండ పడేచోట పెట్టండి. వేడి ప్రాంతమైతే లేత రంగు వేసి, మధ్యాహ్నపు ఎండ తగలని దిక్కు ఎంచుకోండి. వెళ్లగొట్టడానికి కొన్ని వారాల ముందే, వీలైతే ఒక సీజన్ ముందే ఇది నిలబడి ఉండాలి.

ఐదో మెట్టు: సామాను

- మృదువైన పీవీసీ గొట్టం, 5 సెంటీమీటర్ల వ్యాసం, 25 సెంటీమీటర్ల పొడవు, చిన్న కన్నానికి ఒకటి చొప్పున. వాడేసిన సీలెంట్ (సందులు పూడ్చే జిగురు) ట్యూబులు రెండు వైపులా కోసి, లోపల జిగురంతా శుభ్రంగా కడిగితే అవీ పనికొస్తాయి.
- ప్లాస్టిక్ వల, కన్ను 4 మిల్లీమీటర్లకు మించకూడదు. పెద్ద కన్నుల వలలో గబ్బిలాలు చిక్కుకుంటాయి.
- పల్చటి పాలిథిన్ కాగితం, గొట్టం చివర తొడుగుకు.
- సిలికాన్ లేదా పాలీయురేథేన్ సీలెంట్, వెడల్పు చీలికల్లో ముందు దూర్చడానికి ఫోమ్ తాడు.
- 6 మిల్లీమీటర్ల కన్నున్న తుప్పుపట్టని ఇనుప జాలీ, వెంటిలేటర్లకు.
- దళసరి టేపు, స్టేప్లర్, స్క్రూలు.

ఉబ్బే ఫోమ్ స్ప్రే చూడటానికి సులువు. కానీ తడిగా ఉన్నప్పుడు గబ్బిలం తగిలితే బొచ్చుకు అంటుకుని చస్తుంది. అవన్నీ వెళ్లిపోయాక మాత్రమే వాడండి. ఉక్కు పీచు తుప్పుపట్టి గోడ మీద మరకలు దించుతుంది, దాని బదులు రాగి పీచు మేలు.

ఆరో మెట్టు: వాడుకలో లేని సందులన్నీ మూయడం

కాపలాలో గబ్బిలాలు బయటికి రాని సందులన్నీ ముందు మూయాలి. వాడే కన్నాలను మాత్రం తాకకండి. దారి మూసుకుపోయిన గబ్బిలాలు తిరిగొచ్చాక గోడ వెంట పాకుతూ, లోపలి గాలి వాసన పట్టి ప్రతి చీలికనూ తడుముతాయి. రెండు మీటర్ల అవతల తెరిచిన సందు ఉంటే అదే కొత్త గుమ్మం అవుతుంది.

అదే సమయంలో ఇంటి లోపలివైపు, అంటే అటక మూత చుట్టూ, లైట్ల బిగింపుల దగ్గర, పైపులు కప్పులోంచి దిగే చోట, ఫాల్స్ సీలింగ్ అంచుల్లో ఉన్న సందులు పూర్తిగా మూయండి. ఇది మరిస్తే పని మొదలైన రెండో రాత్రే హాల్లో గబ్బిలాలు తిరుగుతాయి. సీలెంట్ ఉదయమే వేయండి, సాయంత్రానికి పైపొర ఆరి ఉండాలి.

నిచ్చెన వేసేటప్పుడు నాలుగు మీటర్ల ఎత్తుకు ఒక మీటరు చొప్పున నిచ్చెన అడుగును గోడకు దూరంగా జరపండి, కింద ఒకరు పట్టుకోవాలి. చూరు దగ్గర కరెంటు తీగలుంటే ఆ పని ఎలక్ట్రీషియన్ ఉన్నప్పుడే.

ఏడో మెట్టు: ఒకవైపు ద్వారం బిగించడం

కన్నం గుండ్రంగానో చిన్నగానో ఉంటే గొట్టం. గొట్టం లోపలి కొస కన్నంలోకి 6 మిల్లీమీటర్లకు మించి పోకూడదు. ఎక్కువ దూరిస్తే లోపలున్న గబ్బిలానికి అది గుమ్మంలా కాక అడ్డంలా తగులుతుంది. గోడకు సమంగా అతకడానికి ఆ కొసను నాలుగైదు చోట్ల చీల్చి, రేకుల్లా విప్పి, టేపుతోనో స్టేపుల్స్‌తోనో బిగించండి. గొట్టం చుట్టూ మిగిలిన ఖాళీని మూయండి. బయటి కొస కిందికి వాలి ఉండాలి. ఆ కొసకు పాలిథిన్‌ను గొట్టంలా చుట్టి, 15 సెంటీమీటర్లు వేలాడనివ్వండి. బయటికొచ్చే గబ్బిలం తోసుకుని జారిపోతుంది. తిరిగి వచ్చేసరికి తొడుగు ముడుచుకుపోయి ఉంటుంది, నున్నటి ప్లాస్టిక్ మీద గోరు పట్టదు. గొట్టం లోపల గరుకు గీతలుంటే ఇదంతా పనిచేయదు. పట్టు దొరికితే అవి పాకి లోపలికి పోతాయి.

చూరు పొడవునా సాగే చీలిక అయితే వల. చీలికకు పైన, రెండు పక్కలా బిగించి, అడుగు పూర్తిగా వదిలేయండి. చీలిక కింద 45 నుంచి 60 సెంటీమీటర్లు వేలాడాలి. బిగుతుగా లాగకండి. గోడకు వలకు మధ్య మీ అరచెయ్యి సులువుగా కదలాలి, అప్పుడే గబ్బిలం మధ్యలోంచి కిందికి పాకి ఎగరగలదు. వల పని చేసేది గబ్బిలాల అలవాటు వల్ల. అవి నేరుగా పాత కన్నం ఎదుటే వాలతాయి, కింది తెరుపు దగ్గరికి దిగి పైకి పాకాలని వాటికి తోచదు. వల పొట్టిగా ఉంటే తోస్తుంది. అందుకే ఆ 45 సెంటీమీటర్లలో పొదుపు చేయొద్దు.

వాడుకలో ఉన్న ప్రతి కన్నానికీ ద్వారం ఉండాలి. ఆరు కన్నాలుంటే ఒకదానికి గొట్టం పెట్టి మిగతా ఐదూ మూసేయడం పెద్ద గుంపులకు సరిపడదు. దారి మారిందని అర్థంకాక కొన్ని లోపలే ఉండిపోతాయి.

ఎనిమిదో మెట్టు: ఆగడం, చూడడం

మొదటి సాయంత్రం తప్పకుండా కూర్చుని చూడండి. వల వెనక గబ్బిలాలు గుమికూడి ఇరవై నిమిషాలైనా బయటపడకపోతే బిగింపులో తప్పుంది. సాధారణంగా పక్క అంచు మరీ బిగిసి ఉంటుంది, లేదా వల అడుగు గోడకు అంటుకుని ఉంటుంది. అక్కడికక్కడే సడలించండి, రేపు చూద్దామనుకోకండి.

ద్వారాలు కనీసం ఐదు నుంచి ఏడు రాత్రులు ఉండాలి. వాన పడ్డ రాత్రులు, చలి రాత్రులు లెక్కలోకి రావు, ఆ రాత్రుల్లో అవి మేతకు వెళ్లకపోవచ్చు. మొదట రాసుకున్న లెక్కతో పోల్చండి. వరుసగా రెండు మంచి రాత్రులు ఒక్కటీ బయటికి రాకపోతే లోపల ఖాళీ అయినట్టు. లెక్క తగ్గుతూ వచ్చి ఒకచోట నిలిచిపోతే వాటికి మరో లోపలి దారి తెలుసు. తెల్లవారుజామున మళ్లీ కాపలా కాయండి.

ఖాళీ అని తేలాక పగటిపూట గొట్టాలు, వలలు తీసి, అదే రోజు ఆ కన్నాలు శాశ్వతంగా మూసేయండి. ఒక్క రాత్రి తెరిచి ఉంచినా మళ్లీ చేరతాయి. గాలి ఆడాల్సిన చోట సీలెంట్ కాకుండా జాలీ కొట్టండి.

తొమ్మిదో మెట్టు: రెట్ట తీయడం

మూసిన తర్వాతే ఇది. ఎండిన రెట్ట దుమ్ములో హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం ఉండవచ్చు, పీలిస్తే ఊపిరితిత్తులకు సోకుతుంది. పొడి చీపురు, మామూలు వ్యాక్యూమ్ క్లీనర్ రెండూ ఆ దుమ్మును ఇల్లంతా చల్లుతాయి.

ఏసీ, ఫ్యాన్లు ఆపి, అటక నుంచి ఇంట్లోకి దారి మూయండి. గ్లౌజులు, కళ్లద్దాలు, వాడి పారేసే ఒంటి తొడుగు, ముఖానికి అంటి కూర్చునే ఎన్95 మాస్కు కనీస రక్షణ. గుడ్డ మాస్కు లెక్కలోకి రాదు. నీళ్లలో కొన్ని చుక్కల సబ్బు కలిపి సన్నని తుంపరగా చల్లండి, జోరుగా కొడితే దుమ్ము లేస్తుంది. బాగా నానాక పారతో ఎత్తి రెండు సంచుల్లో వేసి మూతి కట్టండి. వేడి, చలి ఆపడానికి అటకలో పరిచే ఇన్సులేషన్ పొర మూత్రంతో తడిస్తే శుభ్రం కాదు, తీసి పారేయాల్సిందే. గుప్పెడో బుట్టెడో కాక అటకంతా పొరగా పేరుకుపోయి ఉంటే, లేదా ఇంట్లో ఉబ్బసం, రోగనిరోధక శక్తి తక్కువైనవారు ఉంటే ఈ పని రక్షణ పరికరాలున్న నిపుణులకే ఇవ్వండి. శుభ్రం చేసిన మూడు నుంచి పదిహేడు రోజుల్లో జ్వరం, పొడి దగ్గు, నీరసం వస్తే డాక్టర్‌కు గబ్బిలాల రెట్ట తీసిన సంగతి చెప్పాలి. చెప్పకపోతే మామూలు ఫ్లూ అనుకునే ప్రమాదం ఉంది.

ఇంకో చిక్కు, గబ్బిలపు నల్లి. అచ్చం మంచపు నల్లిలా ఉంటుంది. రక్తం ఇచ్చే గబ్బిలాలు వెళ్లిపోయాక కిందికి దిగి మనుషులను కుడుతుంది. గదుల్లో నల్లులు కనిపిస్తే అటకలో దూలాల అతుకులు చూసి, అక్కడే మందు కొట్టించండి. పరుపుల మీద ఎంత కొట్టినా లాభం ఉండదు.

పనిచేయనివి, చేయకూడనివి

అల్ట్రాసోనిక్ పరికరాలు నమ్మదగ్గవి కావు, డబ్బు దండగ. నాఫ్తలీన్ ఉండలు గబ్బిలాలు కదిలేంత మోతాదులో పెడితే ఆ ఆవిరి ముందు మనుషులకు హాని చేస్తుంది. పొగబెడితే కూనలు, సుప్తావస్థలో ఉన్నవి ఊపిరాడక చస్తాయి, పైగా అటకలో నిప్పు. జిగురు అట్టల మీద గంటల కొద్దీ చిత్రహింస. పురుగుమందు చల్లితే గబ్బిలాలు చావక ముందు బలహీనపడి నేల మీద పడతాయి, సరిగ్గా పిల్లలు, కుక్కలు అందుకునే చోట. రేబిస్ భయంతో చేసిన పని ఆ ప్రమాదాన్నే పెంచుతుంది. పట్టి దూరంగా వదిలిరావడమూ అంతే. ఉన్న చోటు దారి వాటికి బాగా గుర్తు, ఎన్నో మైళ్ల అవతల నుంచి తిరిగొస్తాయి.

తర్వాతి సంవత్సరం

గబ్బిలాలు అదే చోటుకు ఏటా తిరిగొస్తాయి. వెళ్లగొట్టినవి కూడా వచ్చే సీజన్‌లో పాత కన్నం చుట్టూ కొన్ని రాత్రులు తిరుగుతాయి. అప్పుడు కంగారుపడి ఏమీ చేయకండి. కూనల కాలం మొదలయ్యే నెలకు ముందు ఒక పగలు, మూసిన ప్రతి చోటునూ నిచ్చెన వేసి చూడండి. సీలెంట్ ఎండకు ముడుచుకుని అంచు విడిందా, జాలీ మేకు ఊడిందా, చెక్క కుంగి కొత్త సందు వచ్చిందా అని వేలితో తడమండి. విడిన అంచు దొరికితే, లోపల ఏమీ లేవని ఒక సాయంత్రం కాపలా కాసి నిర్ధారించుకున్నాకే మళ్లీ మూయండి. గబ్బిలాల పెట్టెలోకి మొదటి ఏడాది ఒక్కటీ చేరకపోయినా తీసేయకండి. రెండు సీజన్లు గడిచినా ఖాళీగానే ఉంటే చోటు మార్చండి. చల్లని ప్రాంతాల్లో ఎండ చాలకపోవడం, వేడి ప్రాంతాల్లో మధ్యాహ్నం పెట్టె కాగిపోవడం మామూలు కారణాలు.